మూడంతస్తుల ఇంటికి ఒక్క ఫైబర్ లైను: పెద్ద రౌటరా, మెష్షా, వైరు లాగి యాక్సెస్ పాయింట్లా?

200 గజాల స్థలంలో జీ ప్లస్ టూ ఇల్లు. కింద అమ్మానాన్న, మొదటి అంతస్తులో పెద్దబ్బాయి కుటుంబం, పైన చిన్నబ్బాయి, లేదంటే అద్దెకున్నవాళ్లు. హైదరాబాద్ శివారు కాలనీల్లోనైనా, విజయవాడ, వరంగల్‌లోనైనా ఇలాంటి ఇళ్లు వీధికి పది కనిపిస్తాయి. ఫైబర్ లైను మాత్రం ఇంటి మొత్తానికీ ఒక్కటే. దాని డబ్బా కింది హాల్లో టీవీ వెనక మేకుకి వేలాడుతుంటుంది. లైన్‌మన్ వచ్చిన రోజు కిటికీలోంచి వైరు తేలిగ్గా వచ్చింది అక్కడిదాకానే మరి. పై అంతస్తు పడగ్గదిలో ఫోను రెండు గీతలు చూపిస్తుంది, వీడియో కాల్ చేస్తే బొమ్మ బిగుసుకుపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఎనిమిది యాంటెనాల రౌటర్ ఆర్డర్ పెడతారు. అది వచ్చి బిగించాక కూడా పైగది దాదాపు మునుపటిలాగే ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో డబ్బు పెట్టాల్సింది రౌటర్ మీద కాదు, అంతస్తు అంతస్తుకీ వెళ్లే వైరు మీద. ఎందుకో, వైరు లేకుండా ఎప్పుడు గడుస్తుందో, కొనేటప్పుడు ఏం చూడాలో వివరంగా చూద్దాం.

శ్లాబు దగ్గర ఏం పోతుంది

వైఫై సిగ్నల్‌ని డీబీఎంలో కొలుస్తారు. అంకె మైనస్‌లో ఉంటుంది. సున్నాకి దగ్గరగా ఉంటే బలం, దూరంగా ఉంటే బలహీనం. 3 డీబీ తగ్గితే శక్తి సగమవుతుంది, 10 డీబీ తగ్గితే పదో వంతు మిగులుతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దాటేసరికి 6 నుంచి 10 డీబీ దాకా, చువ్వలు అల్లి పోసిన ఐదంగుళాల శ్లాబు దాటేసరికి 15 నుంచి 25 డీబీ దాకా పోగొట్టుకుంటుంది. ఇంటిని బట్టి ఇవి మారతాయి. రౌటర్ ఉన్న గదిలో మైనస్ 45 ఉందనుకుందాం. సరిగ్గా దాని నెత్తిన ఉన్న గదిలో మైనస్ 65, మైనస్ 70 మధ్య వస్తుంది, ఎలాగో నడుస్తుంది. అదే మొదటి అంతస్తులో వెనక పడగ్గది అయితే శ్లాబుకి తోడు రెండు గోడలు అడ్డం. మైనస్ 80 దాటిపోతుంది. రెండో అంతస్తు సంగతి చెప్పక్కర్లేదు.

యాంటెనాలు ఎనిమిదున్న రౌటర్ దీన్ని ఎందుకు గెలవలేదంటే, మాట్లాడేవాళ్లు ఇద్దరు. రౌటర్ గట్టిగా అరిచినా, ఫోను జవాబు కిందిదాకా చేరాలి. ఫోను పంపే శక్తి రౌటర్ కంటే తక్కువ, దాని యాంటెనా వేలెడంత. గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే: రౌటర్ మాట ఫోనుకి వినిపిస్తోంది, ఫోను మాట రౌటర్‌కి వినిపించట్లేదు.

ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, అటక మీద పేర్చిన స్టీలు బిందెలు గోడలకంటే ఎక్కువ అడ్డం. జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ పెద్ద అడ్డం కాదు. రౌటర్‌ని టీవీ వెనక పెట్టడమంటే లోహపు పలకకి ముఖం ఆనించి మాట్లాడటం.

కొనే ముందు అరగంట కొలత

మొదట లాప్‌టాప్‌ని వైరుతో ఫైబర్ డబ్బాకి కలిపి స్పీడ్ చూడండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో వైరు మీదే 40 వస్తుంటే ఏ రౌటర్ కొన్నా లాభం లేదు, కంపెనీకి ఫిర్యాదు పెట్టాలి. వీలైతే డబ్బా సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ చూడండి. సాధారణ జీపాన్ (ఇళ్లకి ఫైబర్ ఇచ్చే మామూలు పద్ధతి) లైన్లలో అది మైనస్ 15 నుంచి మైనస్ 25 లోపు ఉంటే ఆరోగ్యం. మైనస్ 27 దగ్గరికి జారితే వాన పడ్డప్పుడల్లా లైను తెగుతుంటుంది. తప్పు ఎక్కువగా బయటి జాయింటులోనో, ఇంట్లో ఫైబర్‌ని మూల దగ్గర మడత పడేలా వంచడంలోనో ఉంటుంది. ఫైబర్ చివర పచ్చ కనెక్టర్ ఉంటే దానికి పచ్చదే కలపాలి. పచ్చకి నీలం తగిలిస్తే పట్టేస్తుంది కానీ లోపల ముఖాల కోణం వేరు, సిగ్నల్ కారిపోతుంది.

తర్వాత ఆండ్రాయిడ్ ఫోనులో వైఫైమ్యాన్ లాంటి యాప్ వేసుకుని ఇల్లంతా తిరగండి. ఐఫోనైతే ఆపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీలో స్కానర్ ఆన్ చేసుకోవాలి. ఒక్కో గదిలో మనిషి కూర్చునే చోట, పడుకునే చోట ఫోను పట్టుకుని అంకె రాసుకోండి. మైనస్ 60 లోపైతే హాయి. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలబడుతుంది. మైనస్ 75 దాటిన చోట కొత్త యాక్సెస్ పాయింట్, అంటే వైరు చివర వైఫై పంచే డబ్బా, అవసరం. ఈ కాగితం చేతిలో ఉంటే షాపువాడు చెప్పే చదరపు అడుగుల లెక్కతో పనిలేదు. పెట్టె మీద 3,000 చదరపు అడుగులు అని రాసేది గోడల్లేని మైదానానికి, లేదా చెక్కా జిప్సమ్‌తో కట్టిన ఇళ్లకి. మన ఇటుక గోడకి, శ్లాబుకి అది వర్తించదు.

ఎన్ని దారులున్నాయి

ఉన్న డబ్బాని జరపడం. పైసా ఖర్చు లేని దారి, చాలామంది మర్చిపోయే దారి. వెయ్యి, పదకొండొందల చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో కంపెనీ ఇచ్చిన డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) డబ్బాని మూల నుంచి తీసి, ఇంటి మధ్యలో, ఐదారడుగుల ఎత్తున, తెరిచి ఉన్న చోట పెడితే సగం సమస్యలు తీరతాయి. లైన్‌మన్‌ని అడిగితే పొడుగాటి ఫైబర్ ప్యాచ్ కార్డ్ (రెండు కొసలా కనెక్టరున్న తీగ) వేస్తారు. ఫైబర్ సన్నటి తీగ, తలుపు ఫ్రేము వెంట కనబడకుండా పోతుంది.

ఒకే పెద్ద రౌటర్. ఒకే అంతస్తులో, రెండు మూడు గోడల లోపు ఇల్లయితే ఇది చాలు. వైఫై 6 రకం, రెండు స్ట్రీములది (ఒకేసారి రెండు ధారలుగా డేటా పంపేది) తీసుకోండి. 80 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పులో దాని లింక్ వేగం 1,201 ఎంబీపీఎస్, అందులో చేతికొచ్చేది దగ్గర్లో సగం, కాస్త అటూఇటూ. 100, 200 ప్లాన్లకి ఇది ఎక్కువే. మూడంతస్తుల ఇంటికి మాత్రం ఇది జవాబు కాదు, ఎంత ఖరీదైనదైనా.

రిపీటర్. గోడ సాకెట్‌కి గుచ్చే చిన్న ఎక్స్‌టెండర్. ఇది విన్న ప్రతి మాటనీ అదే రేడియో మీద మళ్లీ పలుకుతుంది, కాబట్టి ఉన్న వేగం సగమవుతుంది, ఆలస్యం పెరుగుతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలోనే గుచ్చుతారు, అక్కడ అది వినేదే మైనస్ 80. చెడ్డ సిగ్నల్‌ని గట్టిగా పలికితే గీతలు నిండుతాయి, నెట్ రాదు. బాత్రూమ్ దగ్గర గీజరు స్విచ్‌కో, గేటు దగ్గర కాలింగ్ బెల్ కెమెరాకో తప్ప దీన్ని సిఫారసు చేయలేం.

మెష్. రెండు మూడు ఒకేలాంటి డబ్బాలు, ఒకే పేరు, ఒకే యాప్. అద్దె ఇంట్లో, గోడ తొలచడానికి వీల్లేని చోట ఇదే మంచి దారి. కానీ వైరు లేని మెష్‌కి కూడా శ్లాబు శ్లాబే. కింది డబ్బా, పై డబ్బా ఒకదానికొకటి గాలిలోనే మాట్లాడుకోవాలి. అందుకని పై డబ్బాని అవసరమున్న గదిలో కాదు, మెట్ల దారి దగ్గర పెట్టాలి. మెట్ల చోట శ్లాబు తెరిచి ఉంటుంది, సిగ్నల్ పైకెక్కే కన్నం అదొక్కటే. రెండు రేడియోల మెష్‌లో ఒక్కో దూకుకీ (ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి) వేగం సగానికి సగం పడుతుంది. రెండో అంతస్తుకి రెండు దూకులు, 100 ప్లాన్‌లో పైన పాతిక ముప్ఫై వస్తే సంతోషించాలి. మూడో రేడియో ఉన్న ట్రై బ్యాండ్ మెష్ కొంత నయం, ధర చాలా ఎక్కువ.

మెష్ కొనేట్లయితే వెనక వైరు పోర్టులున్నది, అవి గిగాబిట్‌వి కొనండి. రేపు వైరు లాగితే అవే డబ్బాలు వైరు మీద పనిచేస్తాయి. టీపీ-లింక్ డెకో ఈ4కి పోర్టులు 100 మెగాబిట్‌వి, అదే కంపెనీ డెకో ఎమ్4కి గిగాబిట్‌వి. చూడటానికి రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి.

కరెంటు వైర్ల మీద నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లనీ కొందరు అడుగుతారు. మన ఇళ్లలో పోర్షన్‌కో మీటరు, మీటరుకో ఫేజు. కింది సాకెట్టూ పై సాకెట్టూ ఒకే సర్క్యూట్ కాదు. ఆ డబ్బు దాచుకోండి.

వైరు, యాక్సెస్ పాయింట్లు. కింద ఒక రౌటర్, ఒక నెట్‌వర్క్ స్విచ్ (ఒక లైనుని చాలా వైర్లకి పంచే డబ్బా). అక్కడి నుంచి ప్రతి అంతస్తుకీ క్యాట్ 6 రకం నెట్ వైరు, దాని చివర సీలింగ్‌కి బిగించిన తెల్లటి పళ్లెం లాంటి యాక్సెస్ పాయింట్. కరెంటు కూడా అదే వైరులో వెళ్తుంది, సీలింగ్ దగ్గర సాకెట్ అక్కర్లేదు. సొంత ఇల్లయితే, ముగ్గురు నలుగురు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంటే దీన్ని మించింది లేదు. ధరలో కూడా ఇది మంచి మెష్ సెట్‌కి అటూఇటూగానే తేలుతుంది. తేడా అల్లా మనిషిని పిలిచి ఒకటి రెండు రోజులు వైరు లాగించే ఓపిక.

ఇల్లు ఇప్పుడే కడుతుంటే ఆలోచించక్కర్లేదు. గోడలకి గాడి కొట్టేటప్పుడే ప్రతి అంతస్తు సీలింగ్ మధ్యకీ, ప్రతి టీవీ దగ్గరికీ, గేటు దగ్గరికీ 25 ఎంఎం పైపు వేయించేయండి. ప్లాస్టరింగ్ అయ్యాక ఇదే పని నాలుగింతలు పడుతుంది.

వైరు లాగే పని

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో ఉన్న ఇంటికి, మెట్ల కింద స్విచ్ పెడితే, కింది అంతస్తుకి 10 మీటర్లు, మొదటిదానికి 15, రెండోదానికి 20 సరిపోతాయి. ప్రతి చోటికీ రెండేసి వైర్లు లాగండి. ఒకటి పాడైతే రెండోది ఉంటుంది, లేదా టీవీకి పనికొస్తుంది. అంతా కలిపి 90, 100 మీటర్లు. క్యాట్ 6 పెట్టె 305 మీటర్లు వస్తుంది. అంత అక్కర్లేదు, షాపులో మీటర్ల లెక్కన తీసుకోండి. ఒక్క వైరు పొడవు 100 మీటర్లు దాటకూడదన్న నియమం ఇంట్లో అడ్డు రాదు.

కొనేటప్పుడు అడగాల్సింది ఒకటే: లోపలిది పూర్తి రాగేనా? అల్యూమినియం తీగకి రాగి పూత పూసిన వైరు సగం ధరకి దొరుకుతుంది. పెట్టె మీద సీసీఏ అని చిన్నగా రాసి ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. షాపులోనే ఒక తీగ కొసని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, రెండుసార్లు వంచితే విరుగుతుంది. దాని నిరోధం ఎక్కువ కాబట్టి యాక్సెస్ పాయింట్‌కి పంపే కరెంటు దారిలోనే వేడిగా పోతుంది, సాయంత్రం లోడు పెరగ్గానే పైది ఆగి మళ్లీ మొదలవుతుంటుంది.

ఎలక్ట్రీషియన్ ఉన్న కరెంటు పైపులోంచే నెట్ వైరు లాగేస్తానంటాడు. వద్దని గట్టిగా చెప్పండి. 230 వోల్టుల వైరు తోలు చిట్లితే ఆ కరెంటు నేరుగా రౌటర్‌కీ, దాన్ని ముట్టుకున్న చేతికీ వస్తుంది. వేరే పైపు వేయాలి, పక్కపక్కనే పోవాల్సి వస్తే ఎనిమిదంగుళాల ఎడం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. కొత్త పైపుకి చోటు లేకపోతే మెట్ల గోడ వెంటో, ఏసీ రాగి గొట్టాలు పోయే కన్నంలోంచో, వెనక సన్‌షేడ్‌ల పక్కన బయటి గోడ మీదో పీవీసీ పైపులో తీసుకెళ్లవచ్చు. ఎండ తగిలే చోట పైపు లేకుండా వదిలితే వైరు పైతోలు నాలుగైదు వేసవులకి పెళుసెక్కుతుంది.

క్రింపింగ్, అంటే వైరు కొసకి ప్లగ్గు నొక్కి బిగించడం. రెండు కొసలా ఒకే వరుస ఉండాలి: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. సీసీ కెమెరాలు బిగించేవాళ్లకి నాలుగు తీగలతో పని జరిగిపోతుంది, అలవాటుకొద్దీ నాలుగే నొక్కి వెళ్తారు. నెట్ వస్తుంది, లైటు వెలుగుతుంది, వేగం మాత్రం 94 దగ్గర కట్టేసినట్టు ఆగుతుంది. 100 మెగాబిట్ లింక్‌కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ సరిగా పడకపోయినా పరికరాలు నోరెత్తకుండా 100కి దిగిపోతాయి. అందుకని పని అయ్యాక ప్రతి వైరునీ లాప్‌టాప్‌కి గుచ్చి లింక్ స్పీడ్ 1,000 అని చూశాకే మనిషిని పంపించండి.

ఏం కొనాలి

యాక్సెస్ పాయింట్లలో టీపీ-లింక్ ఒమాడా ఈఏపీ వరుస, యుబిక్విటీ యూనిఫై వరుస మన ఊళ్లలో తేలిగ్గా దొరుకుతాయి. రెంటిలో ఏదైనా తప్పు కాదు. ఒమాడా ఈఏపీ225 వైఫై 5ది, పాతదే అయినా 100 ప్లాన్‌కి నిక్షేపంగా పనిచేస్తుంది. కొత్తగా కొంటున్నప్పుడు వైఫై 6లో ఈఏపీ610, ఈఏపీ650, లేదా యూనిఫై యూ6 ప్లస్ చూడండి. ఒమాడాలో ఒక్కో దాన్ని బ్రౌజర్‌లోనే విడిగా సెట్ చేసుకోవచ్చు. యూనిఫైలో పూర్తి సెట్టింగ్స్ కావాలంటే ఒక కంప్యూటర్ మీద కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ నడపాలి. ఇంట్లో దాన్ని చూసుకునే మనిషి లేకపోతే ఒమాడా వైపు మొగ్గడం మంచిది.

వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. అందులో అసలు ఆకర్షణ 6 గిగాహెర్ట్జ్ బ్యాండు. మనం కొనే మోడల్‌లో, ఇండియా వెర్షన్‌లో ఆ రేడియో ఉందో లేదో, ఇంట్లో ఫోన్లు దాన్ని అందుకుంటాయో లేదో చూసి మాత్రమే అదనపు డబ్బు పెట్టండి. 6 గిగాహెర్ట్జ్ గోడలకి 5 కంటే ఇంకా బెదురుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే రౌటర్లకి ఇంకో చిక్కు ఉంది: వాటి దేశం సెట్టింగ్ మారదు, ఛానళ్లు అక్కడివే ఉంటాయి, వారంటీ ఇక్కడ చెల్లదు. అడాప్టర్ మీద 100-240 వోల్టులని లేకపోతే గుచ్చీ గుచ్చగానే కాలిపోతుంది.

వైరులో కరెంటు పంపే స్విచ్‌ని పీఓఈ స్విచ్ అంటారు. 802.3ఏఎఫ్ రకం పోర్టుకి 15.4 వాట్లు, ఏటీ రకం 30 వాట్లు ఇస్తుంది. యాక్సెస్ పాయింట్ పెట్టె మీద ఏ రకం కావాలో చూసి కొనండి. ఏటీ కొంటే రెండూ నడుస్తాయి. మూడు యాక్సెస్ పాయింట్లకి మొత్తం 60 వాట్ల స్విచ్ చాలు. సీసీ కెమెరాల షాపులో పీఓఈ స్విచ్ అడిగితే చవగ్గా ఇచ్చేస్తారు, దాని పోర్టులు చాలావరకు 100 మెగాబిట్‌వి. గిగాబిట్ అని పెట్టె మీద చదివి తీసుకోండి. 24 వోల్టుల పాసివ్ పీఓఈ అని ఇంకోటుంది, అది వేరే జాతి. ప్రామాణిక యాక్సెస్ పాయింట్‌కి పనికిరాదు.

రౌటర్ విషయంలో పోర్టులు గిగాబిట్‌వై ఉండాలి. ఏసీ1200 అని రాసి ఉన్న రౌటర్లలో చాలావాటికి పోర్టులు 100వే; ఆర్చర్ సీ50 అలాంటిది, సీ6కి గిగాబిట్. రెండోది, లోడు ఎక్కువైనప్పుడు కాల్స్ ఆగకుండా చూసే క్యూ నిర్వహణ. దీన్ని ఎస్‌క్యూఎమ్ అంటారు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్‌లోనూ, మైక్రోటిక్ రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఏడో వెర్షన్‌లోనూ ఉంది. పెద్దబ్బాయి ఫోను పెళ్లి వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే పైన చిన్నబ్బాయి ఇంటర్వ్యూ కాల్ తెగిపోతుందే, దాని మందు ఇదే. ప్లాన్ వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి, 100 ప్లాన్‌కి 90. అప్పుడు వరుస రౌటర్ చేతిలో ఉంటుంది, కంపెనీ చేతిలో కాదు.

ఇంట్లో పదిమందున్నా ప్లాన్ మరీ పెద్దది అక్కర్లేదు. 4కే సినిమాకి పాతిక, మామూలు హెచ్‌డీకి ఐదు, వీడియో కాల్‌కి నాలుగు ఎంబీపీఎస్. రెండు 4కే టీవీలు, నాలుగు కాల్స్ ఒకేసారి నడిచినా 70 దాటదు. 100 నుంచి 150 ప్లాన్ సరిపోతుంది. ప్లాన్ పెంచే డబ్బుతో వైరు కొనండి.

బిగించాక సెట్టింగ్స్

కంపెనీ డబ్బానే రౌటర్‌గా ఉంచుతారా, సొంత రౌటర్ పెడతారా అన్నది ముందు తేల్చుకోవాలి. సొంతది పెడితే కంపెనీ వాళ్లని డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైనుని మాత్రం అందించేలా) పెట్టమని అడగండి. పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నెట్ వచ్చే) లైనైతే యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీలాన్ (ఒకే వైరు మీద విడిగా నడిచే నెట్‌వర్క్) నంబరు రాయించుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బా వెనక మీ రౌటర్ పెట్టవచ్చు, రెండుసార్లు నాట్ (అడ్రసు మార్పిడి) జరుగుతుంది, సినిమాలకీ కాల్స్‌కీ తేడా తెలియదు. కొన్ని ఆటలకీ, బయటి నుంచి కెమెరా చూడటానికీ ఇబ్బంది. చాలా కంపెనీలు ఎలాగూ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రసు) ఇవ్వవు కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లో పరికరానికి దారి తెరవడం) మీద ఆశ పెట్టుకోకండి.

కంపెనీ డబ్బా వైఫైని ఆపేయండి. మూడు యాక్సెస్ పాయింట్లకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం భద్రత ఇవ్వండి. ఛానళ్లు మాత్రం వేరువేరుగా. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద 1, మధ్యలో 6, పైన 11, వెడల్పు 20. నలభై పెడితే పక్కిళ్ల పది నెట్‌వర్కులతో ఢీకొంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, మధ్యలో 149, పైన 100 దగ్గరి ఛానల్, వెడల్పు 80. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ ఛానళ్లు 2018లో తెరిచారు, చోటు బోలెడుంది.

శక్తిని పూర్తిగా పెట్టకండి. ఇది చాలామందికి మింగుడు పడదు. కింది యాక్సెస్ పాయింట్ పూర్తి శక్తితో ఉంటే పైకెక్కిన ఫోను దాన్నే పట్టుకుని వేలాడుతుంది, నెత్తి మీద కొత్తది ఉన్నా మారదు. మారాలా వద్దా అన్నది ఫోను నిర్ణయం. 2.4ని 5 కంటే 6 డీబీ తక్కువ పెడితే ఫోన్లు 5 వైపు మొగ్గుతాయి. 802.11కే, వీ అనే సెట్టింగ్స్ (ఫోను ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారడానికి సాయపడేవి) ఆన్ చేయండి. 802.11ఆర్ అన్నది పాత పరికరాలని ఇబ్బంది పెడుతుంది, అవసరం తెలిస్తేనే ఆన్ చేయండి.

స్మార్ట్ ప్లగ్గులు, కొన్ని కెమెరాలు 2.4 మీదే, డబ్ల్యూపీఏ2 అనే పాత రకం భద్రత మీదే కలుస్తాయి. వాటికి విడిగా ఒక పేరు పెట్టేస్తే పెద్దవాళ్ల ఫోన్ల జోలికి వెళ్లక్కర్లేదు. కెమెరాలకి మాత్రం వీలైతే వైరే. నాలుగు కెమెరాలు రోజంతా నాలుగేసి ఎంబీపీఎస్ పంపుతుంటే గాలి వాటికే సరిపోతుంది.

అద్దెవాళ్లతో పంచుకుంటే

వాళ్లకి వేరే పేరు, వేరే వీలాన్. పాస్‌వర్డ్ మార్చాల్సొస్తే మీ పరికరాలు కదలవు, వాళ్ల ఫోన్లకి మీ టీవీ, ప్రింటర్ కనపడవు. గెస్ట్ ఐసొలేషన్ (ఏ పరికరానికీ ఇంకో పరికరం కనపడకుండా చేసే సెట్టింగ్) పెడితే వాళ్ల ఫోనుకి వాళ్ల టీవీ కూడా కనపడదు, అప్పుడు సినిమా టీవీకి పంపడం కుదరదు. అందుకని ఐసొలేషన్ కంటే వీలాన్ నయం. లైను ఎవరి పేరున ఉందో జవాబుదారీ వాళ్లదే అని కూడా గుర్తుంచుకుని ఇవ్వండి.

ఇలాంటి ఇళ్లలో తరచూ వచ్చే విచిత్రమైన చిక్కు ఒకటుంది. పై పోర్షన్ వాళ్లు తమ పాత రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌లోని వైరుని దాని ల్యాన్ పోర్టులో గుచ్చుతారు. ఇప్పుడు ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరు. సగం ఫోన్లకి 192.168.1తో, సగం ఫోన్లకి 192.168.0తో అడ్రసు వస్తుంది. రెండో రకం ఫోన్లకి నెట్ ఉండదు, ఏది ఎప్పుడు ఏ పక్షాన పడుతుందో తెలియదు. ఏ ఫోనులోనైనా వైఫై వివరాల్లో గేట్‌వే అంకె చూస్తే దొంగ దొరుకుతాడు. ఆ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపి, దానికి 192.168.1.2 లాంటి ఖాళీ అడ్రసు ఇచ్చి, ల్యాన్ పోర్టులోనే వైరు ఉంచండి. పాత రౌటర్‌ని పారేయకుండా వాడుకునే పద్ధతి కూడా ఇదే.

అద్దె ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు ఉంటే కథ వేరు. గోడ తొలచరు, ఏడాదికో ఇల్లు. రెండు డబ్బాల మెష్ కొనుక్కోండి, ఒకటి హాల్లో, ఒకటి నడవలో. వీలైతే స్కర్టింగ్ వెంట బల్లపరుపు క్యాట్ 6 వైరు అతికించి రెంటినీ కలపండి. ఆ సన్నటి వైరులో పీఓఈ మాత్రం పంపకండి. రౌటర్ ఉమ్మడి డబ్బుతో కొని పేరూ పాస్‌వర్డూ మార్చకుండా ఉంచితే, లైను తీసుకున్నవాడు ఖాళీ చేసినా ఫోన్లన్నీ మళ్లీ కలపాల్సిన పని ఉండదు.

కరెంటు పోయినప్పుడు

ఫైబర్ డబ్బా, రౌటర్, పీఓఈ స్విచ్ మూడూ ఒకే చోట ఉంటే ఒక్క 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. యాక్సెస్ పాయింట్లు స్విచ్ నుంచే బతుకుతాయి కాబట్టి అవీ ఆగవు. 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్‌లు పీఓఈ స్విచ్‌కి పనిచేయవు, దానికి 48 వోల్టుల పైన కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్‌ని ఎకో నుంచి యూపీఎస్ వైపు తిప్పండి. ఎకోలో కరెంటు మారే క్షణం కాస్త ఎక్కువ, ఆ క్షణానికే డబ్బా ఆరిపోయి మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది.

డాబా మీద యాక్సెస్ పాయింట్ పెట్టాలంటే అవుట్‌డోర్ రకమే పెట్టండి. రాగి వైరు పైకి వెళ్తోంది కాబట్టి మెట్ల గది దగ్గర ఎర్తింగ్ ఉన్న సర్జ్ ప్రొటెక్టర్ వేయించండి. ఫైబర్ పిడుగుని మోయదు, రాగి మోస్తుంది.

అంతా అయ్యాక మెయిన్ ఆపి ఐదు నిమిషాలాగి వేయండి. ఏదీ ముట్టుకోకుండా మూడంతస్తుల్లోనూ నెట్ దానంతటది రావాలి. తర్వాత ఒక వీడియో కాల్ పెట్టుకుని గేటు నుంచి డాబా దాకా మామూలు నడకతో ఎక్కండి. మెట్ల మలుపు దగ్గర ఒక సెకను తడబడి సర్దుకుంటే పర్వాలేదు. తెగిపోతే శక్తి ఇంకో 3 డీబీ తగ్గించి మళ్లీ నడవండి. స్విచ్ దగ్గర ప్రతి వైరు కొసకీ అది ఏ గదిదో టేపు మీద రాసి అంటించండి. రెండేళ్ల తర్వాత దాన్ని తెరిచేది మీరే కాకపోవచ్చు.